రోమన్ల బట్టలు, హోదా: మళ్ళీ మళ్ళీ వచ్చే డౌట్లు

రోమ్ చరిత్ర గురించి నేను ఎప్పుడు మాట్లాడినా యుద్ధాల మీద కన్నా బట్టల మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి, అవీ అవే ప్రశ్నలు తిరిగి తిరిగి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా అన్న వరసలో ఉంటాయి, మీకు కావాల్సినది మాత్రమే చదువుకున్నా సరిపోతుంది. ఒక్కటి ముందే చెప్తా, అక్కడ బట్ట అంటే సోకు కన్నా ముందు ఒక గుర్తింపు కార్డు, నీకు ఏ హక్కులున్నాయో ఏవి లేవో ఎదురొచ్చేవాడికి పది అడుగుల దూరం నుంచే తెలిసిపోవాలి.

## ముందు బేసిక్స్

రోమన్లందరూ సినిమాల్లో చూపించినట్టు తెల్ల దుప్పటి చుట్టుకునే తిరిగేవాళ్ళా?

లేదండి. రోజూ అందరూ వేసుకునేది ట్యూనిక్, అంటే రెండు గుడ్డ ముక్కలు పక్కల కుట్టేసి తలకి చేతులకి సందులు వదిలిన పొడుగు చొక్కా లాంటిది, నడుముకి ఒక తాడో బెల్టో. బానిస వేసుకునేదీ అదే, సెనేటర్ (రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ సభ్యుడు) లోపల వేసుకునేదీ అదే. తేడా అంతా ఉన్ని ఎంత మెత్తన, రంగు ఏంటి, చారలు ఉన్నాయా, ఎంత పొడుగు అన్న దాంట్లోనే. క్వింటిలియన్ అనే ఆయన వక్తలకి పాఠాలు చెప్తూ ట్యూనిక్ ముందువైపు మోకాళ్ళ కిందకి కొంచెం దిగాలి, అంతకన్నా దిగితే ఆడవాళ్ళ బట్టలా ఉంటుంది, పైకి ఉంటే సైనికాధికారిలా ఉంటుంది అని రాశాడు. నాలుగు వేళ్ళ తేడాతో మనిషి ఎవరో చదివేసేవాళ్ళన్నమాట.

టోగా, అంటే సినిమాల్లో కనిపించే ఆ చుట్టుకునే బట్ట, ఎంత గుడ్డ? పిన్నులు లేకుండా ఎలా నిలబడేది?

చక్రవర్తుల కాలానికి సుమారు 5 నుంచి 6 మీటర్ల పొడవు, ఒక అంచు వంపుగా తిరిగిన ఉన్ని గుడ్డ. మన ఆరు గజాల చీర అంత పొడుగు అనుకోండి, కానీ వెడల్పు దానికి రెట్టింపు, పైగా ఉన్ని. ఎడమ భుజం మీద నుంచి మొదలుపెట్టి వీపు వెనక్కి తిప్పి కుడి చంక కింద నుంచి తెచ్చి మళ్ళీ ఎడమ భుజం మీద వేసేవాళ్ళు. పిన్ను ఉండదు, ముడి ఉండదు, బరువు మీదే నిలబడాలి, కాబట్టి ఎడమ చెయ్యి దాదాపు ఎప్పుడూ దాన్ని పట్టుకునే ఉంటుంది. అది కట్టుకుని మూట మోయలేరు, పరిగెత్తలేరు. నా ఉద్దేశంలో అసలు పాయింటే అది, ఒళ్ళొంచి పనిచేసే అవసరం నాకు లేదు అని చూపించే బట్ట.

హోర్టెన్సియస్ అనే పెద్ద లాయర్ (పేరున్న వక్త సిసిరో కాలం వాడే) అద్దం ముందు నిలబడి మడతలు సర్దుకునేవాడట. ఇరుకు దారిలో తోటి అధికారి ఒకాయన తగిలి ఆ మడతలు చెదిరితే ఆయన మీద కేసు వేశాడని మాక్రోబియస్ అనే రచయిత రాశాడు.

టోగా ఎవరైనా కట్టుకోవచ్చా? డబ్బు పెట్టి కొనుక్కుంటే?

కుదరదు. రోమన్ పౌరుడై ఉండాలి. బానిసకి లేదు, విదేశీయుడికి లేదు, దేశ బహిష్కారం పడ్డవాడికీ లేదు. లిసినియానస్ అనే మాజీ సెనేటర్ బహిష్కరణ తర్వాత సిసిలీలో పాఠాలు చెప్పుకుంటూ బతికాడు, టోగా హక్కు పోయింది కాబట్టి గ్రీకు పైబట్ట కప్పుకుని క్లాసుకి వచ్చేవాడని చిన్న ప్లినీ ఉత్తరంలో ఉంది.

ఇంకో కేసు. క్లాడియస్ చక్రవర్తి ముందుకి ఒకణ్ణి తెచ్చారు, పౌరుడు కాకుండానే పౌరుణ్ణని చెప్పుకున్నాడని ఆరోపణ. కేసు మొదలవకముందే లాయర్లకి గొడవ, వీడు టోగాలో నిలబడాలా గ్రీకు బట్టలో నిలబడాలా అని. క్లాడియస్ ఏమన్నాడంటే, ప్రాసిక్యూషన్ మాట్లాడేటప్పుడు గ్రీకు బట్ట, డిఫెన్స్ మాట్లాడేటప్పుడు టోగా, అలా మార్చుకుంటూ ఉండమన్నాడు. పాపం ఆ మనిషి ఎవరు అన్నది తేలేదాకా ఏం కట్టుకోవాలో కూడా తేలలేదు.

లోపల ఏం వేసుకునేవాళ్ళు?

గోచీ లాంటిది ఒకటి, ఆడవాళ్ళయితే ఛాతీకి ఒక పట్టీ కూడా. సిసిలీలో పియాజ్జా అర్మెరీనా దగ్గర 4వ శతాబ్దపు భవనంలో మొజాయిక్ నేల మీద ఆ రెండే వేసుకుని ఆటలాడుతున్న అమ్మాయిలు కనిపిస్తారు. బ్రిటన్‌లో విండోలాండా కోటలో దొరికిన ఒక చెక్క ఉత్తరంలో మేజోళ్ళు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపాను అని ఉంది, అంటే చలిలో కాపలా కాస్తున్న వాడికి ఎవరో ఆప్తులు పంపిన పార్సిల్, రెండువేల ఏళ్ళ కింద.

## చిన్నతనం

పిల్లలకి వేరే బట్టలు ఉండేవా?

పౌరుల పిల్లలకి ఉండేవి. ఊదా అంచున్న టోగా, పేరు టోగా ప్రేటెక్స్టా, మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా. విశేషం ఏంటంటే పెద్ద అధికారులు కట్టుకునేదీ ఇదే అంచు. పిల్లాడి జోలికి పోవద్దు, వీడు స్వతంత్ర పౌరుడి బిడ్డ అని చూసేవాళ్ళకి హెచ్చరిక అది. మగపిల్లాడి మెడలో బుల్లా అని ఒక తాయెత్తు, ఉన్నవాళ్ళయితే బంగారంది, లేనివాళ్ళయితే తోలుది. బానిస పిల్లలకి ఈ అంచూ లేదు తాయెత్తూ లేదు, వాళ్ళ జోలికి పోతే అడిగేవాడూ లేడు. దిష్టికి కట్టే తాయెత్తులో కూడా ఈ తేడా పెట్టారే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మగపిల్లాడిని పెద్దవాడిగా ఎప్పుడు లెక్కేసేవాళ్ళు?

ఫిక్స్‌డ్ వయసు లేదు, మామూలుగా 14 నుంచి 16 మధ్య తండ్రి ఇష్టం. చాలామంది మార్చి 17న వచ్చే లిబరాలియా పండగ రోజు చేసేవాళ్ళు. మన పంచెల ఫంక్షన్ తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది, పిల్లాడు తాయెత్తు తీసి ఇంటి దేవతల దగ్గర పెట్టి, అంచున్న టోగా విప్పేసి, ఏ అంచూ లేని పెద్దవాళ్ళ టోగా కట్టుకుని బంధువులతో ఊరి నడిబొడ్డున సభలు జరిగే ఫోరమ్‌కి వెళ్ళేవాడు.

## పెళ్ళి, ఆడవాళ్ళు

పెళ్ళికూతురు ఏం కట్టుకునేది?

పాతకాలపు నిలువు మగ్గం మీద నేసిన తెల్ల ట్యూనిక్, నడుముకి హెర్క్యులెస్ ముడి అనే ప్రత్యేకమైన ముడి (అది విప్పే హక్కు పెళ్ళికొడుకుదే), తల మీద నిప్పు రంగు పసుపు మేలిముసుగు. జుట్టు ఆరు పాయలుగా తీసి కట్టేవాళ్ళు.

స్టోలా అంటే ఏంటి? అది ఆడవాళ్ళ టోగానా?

ఒకరకంగా అంతే. చట్టబద్ధంగా పెళ్ళయిన పౌరురాలు ట్యూనిక్ మీద వేసుకునే పాదాల దాకా వచ్చే పొడుగు గౌను, భుజాల మీద పట్టీలతో. బయటికి వెళ్తే పైన పల్లా అనే పెద్ద శాలువా. ఈమె ఇంటి ఇల్లాలు, గౌరవంగా చూడండి అని దాని అర్థం. తర్వాత తర్వాత రోజువారీ వాడకం తగ్గిపోయి విగ్రహాల మీదే ఎక్కువ కనిపించింది, ఆఖరికి 2, 3 శతాబ్దాల్లో "స్టోలా ఉన్న స్త్రీ" అనేది పేరు ముందు పెట్టుకునే బిరుదయ్యింది. బట్ట పోయింది, హోదా మిగిలింది.

ఆడవాళ్ళు టోగా కట్టుకుంటే తప్పా?

చాలా పాతకాలంలో ఆడా మగా ఇద్దరూ కట్టుకునేవాళ్ళని వారో అనే పండితుడు చెప్పాడు. తర్వాత అర్థం పూర్తిగా తిరగబడింది, పెద్దయిన ఆడమనిషి ఒంటి మీద టోగా అంటే వేశ్య అనో, వ్యభిచారం నేరం పడ్డ స్త్రీ అనో. అదే గుడ్డ, మగవాడి మీద గౌరవం, ఆడదాని మీద అవమానం. సిసిరో ఆంటోనీని తిట్టేటప్పుడు నువ్వు మగవాడి టోగా కట్టుకున్నావు, వెంటనే దాన్ని ఆడదాని టోగా చేశావు అన్నాడు, అప్పటి రోమన్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళ నగలు, రంగు చీరల మీద నిషేధం పెట్టారంట, నిజమేనా?

నిజమే, చీరలు కావు గానీ రంగుబట్టలు. క్రీ.పూ. 215లో, కార్తేజ్ సేనాపతి హానిబాల్ చేతిలో కానే దగ్గర ఘోరంగా ఓడిపోయిన మరుసటి ఏడాది, ఓపియన్ చట్టం చేశారు. ఏ స్త్రీ దగ్గరా అర ఔన్సు కన్నా ఎక్కువ బంగారం ఉండకూడదు, రంగురంగుల బట్టలు (ముఖ్యంగా ఊదా) వేసుకోకూడదు, పండగలకి తప్ప ఊళ్ళో బండి ఎక్కకూడదు. యుద్ధం అని ఊరుకున్నారు. యుద్ధం అయిపోయింది, మగవాళ్ళకి ఊదా అంచులు మళ్ళీ మామూలే, గుర్రాల మీద జీనులకి కూడా ఊదానే, చట్టం మాత్రం ఆడవాళ్ళ మీద అలాగే ఉండిపోయింది.

క్రీ.పూ. 195లో ఇద్దరు ట్రిబ్యూన్లు (జనం తరఫున ఎన్నికైన అధికారులు) రద్దు చేద్దామన్నారు. అప్పుడు రోమ్ ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చేశారు, ఫోరమ్‌కి వెళ్ళే దారులన్నీ నిండిపోయాయి, పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) కేటో గట్టిగా వ్యతిరేకించాడు, ఆడవాళ్ళు ఇవాళ సమానమయ్యారంటే రేపు మన నెత్తినెక్కుతారు అన్నది ఆయన వాదన సారం. ఆ ఇద్దరు ట్రిబ్యూన్లలో ఒకడైన వలేరియస్ దానికి జవాబుగా, మీకు పదవులున్నాయి విజయయాత్రలున్నాయి, వాళ్ళకి ఉన్న గౌరవ చిహ్నాలే ఇవి, అవీ లాక్కుంటారా అన్నాడు. ఆ ఆడవాళ్ళు రద్దుకి అడ్డం తిరిగిన వేరే ట్రిబ్యూన్ల ఇళ్ళ ముందు కూర్చుని వెనక్కి తగ్గేదాకా కదల్లేదు, చట్టం రద్దయింది. ఓటు లేని ఆడవాళ్ళు గెలిచిన పోరాటం ఇది, బట్టల గోల అని తీసిపారేసేవాళ్ళు ఒకసారి చదవాలి.

బట్టలు ఇంట్లోనే నేసేవాళ్ళా?

మంచి ఇల్లాలంటే ఉన్ని వడికే ఇల్లాలు అని ఆదర్శం. క్లాడియా అనే ఆవిడ సమాధి మీద, క్రీ.పూ. 2వ శతాబ్దంది, ఇల్లు చూసుకుంది, ఉన్ని పని చేసింది అని చెక్కారు. మొదటి చక్రవర్తి అగస్టస్ కూడా ఇంట్లో భార్య, అక్క, కూతురు, మనవరాళ్ళు చేసిన బట్టలే వేసుకునేవాడని చక్రవర్తుల జీవితాలు రాసిన స్యుటోనియస్ చెప్పాడు. కానీ డబ్బున్న ఇళ్ళల్లో వడికింది ఎక్కువగా బానిస స్త్రీలు, పేరు మాత్రం ఇంటావిడది. ఊళ్ళల్లో కొనుక్కునే బట్టల షాపులూ ఉండేవి.

## పదవి, డబ్బు

సెనేటర్ ఎవరో చూడగానే ఎలా తెలిసేది?

ట్యూనిక్ మీద మెడ నుంచి కింద అంచు దాకా రెండు ఊదా చారలు, వెడల్పువి అయితే సెనేటర్, సన్నవి అయితే ఈక్వెస్ట్రియన్, అంటే సెనేటర్ల తర్వాతి ధనిక వర్గం. సెనేటర్ల బూట్లు కూడా వేరు, పట్టీలు కాలి పిక్క దాకా చుట్టి ఉంటాయి. కాన్సుల్ లాంటి అధికారి అయితే టోగాకి ఊదా అంచు. యుద్ధం గెలిచి ఊరేగే సేనాపతికి ఆ ఒక్కరోజు బంగారు దారంతో పని చేసిన పూర్తి ఊదా టోగా.

క్యాండిడేట్ అనే మాట టోగా నుంచి వచ్చిందా?

అవును. ఎలక్షన్‌లో నిలబడేవాడు టోగాకి సుద్ద పూసి మెరిసిపోయే తెలుపు చేసుకుని జనంలో తిరిగేవాడు. లాటిన్‌లో కాండిడస్ అంటే మెరిసే తెలుపు, అలా తెల్లబడ్డవాడు కాండిడాటస్. ఓట్ల కోసం ఇలా తెల్లబట్టలు వేసుకోవద్దని క్రీ.పూ. 432లోనే చట్టం చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు, ఆగలేదని మీకు చెప్పక్కర్లేదు.

డబ్బుంటే పై వర్గం బట్టలు వేసుకోవచ్చు కదా, ఎవరు పట్టుకుంటారు?

పట్టుకునేవాళ్ళు. ఈక్వెస్ట్రియన్‌కి 4 లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేల) ఆస్తి ఉండాలి, అగస్టస్ కాలంలో సెనేటర్‌కి 10 లక్షలు. కానీ ఆస్తి ఒక్కటే చాలదు, తిబెరియస్ చక్రవర్తి టైమ్‌లో బంగారు ఉంగరం పెట్టుకోవాలంటే ఆ డబ్బుతో పాటు తండ్రి, తాత కూడా స్వతంత్రులుగా పుట్టి ఉండాలని రూల్ పెట్టారు. అంటే నిన్న మొన్న సంపాదించిన వాడికి, ముఖ్యంగా విడుదలైన బానిసలకి దారి మూసేయడానికే. ఈక్వెస్ట్రియన్లమని చెప్పుకున్న విడుదలైన బానిసల ఆస్తులు క్లాడియస్ జప్తు చేశాడు.

థియేటర్ ఇంకా కష్టం. క్రీ.పూ. 67 చట్టం ప్రకారం సెనేటర్ల వెనక 14 వరసలు ఈక్వెస్ట్రియన్లవే. ఖరీదైన బట్టలేసుకుని ఆ వరసల్లో దర్జాగా కూర్చున్నవాణ్ణి సిబ్బంది లేపేసే సీన్ మార్షియల్ అనే కవి రాసిన కవితల్లో ఉంది.

టోగా అంత గౌరవం అయితే మరి జనం ఎందుకు తప్పించుకునేవాళ్ళు?

ఎందుకంటే బరువు, ఉక్క, ఉతికించే ఖర్చు, పైగా సాయం లేకుండా సరిగ్గా కట్టుకోలేరు. పేద పౌరుడికి ఇంకో బాధ ఉంది, పొద్దున్నే చీకట్లో లేచి టోగా కట్టుకుని పెద్దమనిషి ఇంటి ముందు నిలబడి దణ్ణం పెట్టాలి, అప్పుడు కాస్త డబ్బు చేతిలో పడుతుంది, మార్షియల్ కాలంలో 100 క్వాడ్రన్సులు (చిల్లర నాణేలు), అంటే ఆరుంపావు సెస్టర్సులు. ఆ టోగా చిరుగులు పడిపోయి ఉండేది. పౌరుడి గౌరవ చిహ్నం కాస్తా కూలి కోసం వేసుకునే డ్రెస్ అయిపోయింది.

అగస్టస్ ఒకసారి సభలో జనం ముదురు రంగు పైబట్టల్లో ఉండటం చూసి కోపంగా వర్జిల్ అనే కవి రాసిన పాదం ఒకటి చదివాడట, "లోకానికి ప్రభువులు, టోగా కట్టే జాతి" అని, అప్పటినుంచి ఫోరమ్‌లోకి టోగా లేకుండా ఎవరినీ రానివ్వద్దని అధికారులకి ఆర్డర్ వేశాడు. ఆర్డర్ వెయ్యాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి.

ఊదా రంగుకి అంత రేటు ఎందుకు?

సముద్రపు నత్తల నుంచి తీసేది కాబట్టి. ఒక్కో నత్తలో బొట్టు కూడా సరిగ్గా రాదు, 1909లో ఒక జర్మన్ కెమిస్ట్ 12,000 నత్తలు తీసుకుంటే 1.4 గ్రాముల రంగు వచ్చింది. లెబనాన్ తీరంలోని టైర్ ఊరి సరుకుకి పెద్ద పేరు, రెండుసార్లు ముంచిన ఉన్ని గడ్డకట్టిన రక్తం రంగులో ఉండేదని పెద్ద ప్లినీ (ముందు చెప్పిన చిన్న ప్లినీకి మేనమామ) రాశాడు, అంటే మనం ఊదా అనుకునే లేత రంగు కాదు. క్రీ.శ. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి వేసిన ధరల ఆజ్ఞలో ఊదా పట్టు పౌనుకి 1,50,000 డినారియస్‌లు, అదే ఆజ్ఞలో వ్యవసాయ కూలీకి భోజనం పెట్టి రోజుకి 25. లెక్క వేస్తే 6,000 రోజుల కూలి, 16 ఏళ్ళు పైనే.

ఊదా వేసుకున్నందుకు చంపేసేవాళ్ళా?

కొన్నిసార్లు అక్కడిదాకా వెళ్ళింది. మౌరిటానియా (ఉత్తర ఆఫ్రికాలోని రాజ్యం) రాజు టోలెమీ ఆటలు చూడ్డానికి వస్తే ఆయన ఊదా పైబట్ట మీదకి జనం కళ్ళన్నీ తిరిగాయి, అది చూసి ఓర్వలేక కలిగులా చక్రవర్తి చంపించాడని స్యుటోనియస్ చెప్తాడు. నీరో చక్రవర్తి టైర్ ఊదా అమ్మకం నిషేధించి, తనే మనిషిని పంపి సంతలో కొంచెం అమ్మించి, ఆ వంకతో వ్యాపారుల దుకాణాలన్నీ మూయించాడు. తను పాడుతుండగా ప్రేక్షకుల్లో ఒకావిడ ఆ రంగులో కనిపిస్తే బయటికి ఈడ్పించి బట్టతో పాటు ఆస్తి కూడా లాక్కున్నాడు. మామూలు జనం మొక్కల రంగులతో చేసిన నకిలీ ఊదా వేసుకునేవాళ్ళు.

మన వైపు నుంచి బట్టలు వెళ్ళేవా?

వెళ్ళేవి. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్ అనే సముద్ర దారుల పుస్తకంలో మసాలియా ప్రాంతం, అంటే మన కృష్ణా తీరం మచిలీపట్నం వైపు, అక్కడ సన్నటి నూలు బట్టలు విపరీతంగా నేస్తారని ఉంది. ఇండియా, చైనా, అరేబియా కలిపి ఏడాదికి 10 కోట్ల సెస్టర్సులు పట్టుకుపోతున్నాయి, మన సోకులకి మన ఆడవాళ్ళకి ఇంత ఖర్చా అని పెద్ద ప్లినీ వాపోయాడు. తప్పు ఆడవాళ్ళ మీదకి నెట్టాడు గానీ, క్రీ.శ. 16లో సెనేట్ పట్టుబట్టల మీద నిషేధం పెట్టింది మగవాళ్ళకి! కస్టమ్స్ సుంకం వేసే సరుకుల లిస్టులో భారతీయుల జుట్టు కూడా ఉంది, సవరాలకి, విగ్గులకి.

## బానిసలు, విడుదల

బానిసలకి యూనిఫాం ఉండేదా?

లేదు, దానికి కారణం వింటే ఒళ్ళు జలదరిస్తుంది. బానిసల్ని బట్టలతో వేరుగా గుర్తుపట్టేలా చేద్దామని సెనేట్‌లో ఒకసారి ప్రతిపాదన వచ్చింది, కానీ బానిసలు మనల్ని లెక్కపెట్టడం మొదలుపెడితే ఎంత ప్రమాదమో అర్థమై మానేశారు అని సెనెకా అనే తత్వవేత్త రాశాడు. వీధిలో బానిస, కూలి చేసుకునే పౌరుడు ఇద్దరూ ఒకే ముతక ట్యూనిక్‌లో ఉండేవాళ్ళు. పెద్దింటి బానిస అయితే యజమాని దర్జా కోసం పేద పౌరుడి కన్నా మంచి బట్టలే వేసుకునేవాడు, అది వాడి హోదా కాదు, యజమానిది.

బానిసకి ఏడాదికి ఎన్ని జతలు ఇచ్చేవాళ్ళు?

కేటో తన వ్యవసాయ పుస్తకంలో లెక్క రాసిపెట్టాడు. రెండేళ్ళకి ఒకసారి మూడున్నర అడుగుల ట్యూనిక్ ఒకటి, ముతక పైబట్ట ఒకటి, చెక్క అడుగు ఉన్న చెప్పులు ఒక జత. కొత్తది ఇచ్చినప్పుడల్లా పాతది వెనక్కి తీసుకోవాలి, అతుకుల బొంతలకి పనికొస్తుంది అన్నాడు. చిరిగిన గుడ్డ కూడా వాడిది కాదు.

మెడకి పట్టీలు వేసేవాళ్ళంట?

4వ శతాబ్దం నాటి నుంచి అలాంటి ఇనుప పట్టీలు దొరికాయి. ఒకదానికి వేలాడే బిళ్ళ మీద, పారిపోయాను, నన్ను పట్టుకో, నా యజమాని జోనినస్‌కి అప్పగిస్తే ఒక బంగారు నాణెం ఇస్తాడు అని చెక్కి ఉంది. యజమాని పేరుంది, మనిషి పేరు లేదు.

విడుదలైతే బట్టలు మారేవా?

తల గొరిగించుకుని పిలియస్ అనే ఉన్ని టోపీ పెట్టుకునేవాడు, చట్టబద్ధంగా విడుదలైతే పౌరుడే కాబట్టి టోగా కూడా. ఆ టోపీ స్వేచ్ఛకి ఎంత గట్టి గుర్తు అంటే సీజర్‌ని చంపాక బ్రూటస్ కొట్టించిన నాణెం మీద రెండు కత్తుల మధ్యలో అదే ఉంటుంది. డిసెంబర్‌లో సాటర్నాలియా పండగకి యజమానులు కూడా టోగా పక్కన పెట్టి ఆ టోపీ పెట్టుకునేవాళ్ళు, పండగ అయ్యాక ఎవరిది వాళ్ళదే.

మూత్రంతో బట్టలు ఉతికేవాళ్ళన్నది నిజమా?

నిజం. నిలవ ఉంచిన మూత్రంలో అమ్మోనియా ఉంటుంది, జిడ్డు వదిలిస్తుంది. నీళ్ళలో కలిపి తొట్లలో వేసి కాళ్ళతో తొక్కి, జాడించి, మట్టి రుద్ది, బుట్టలాంటి చట్రం మీద పరిచి కింద గంధకం పొగ పెట్టేవాళ్ళు. పాంపేలో ఒక చాకిరేవు గోడల మీద ఈ పనంతా బొమ్మల్లో ఉంది, తొక్కుతున్నవాళ్ళల్లో పిల్లల్లా కనిపించేవాళ్ళూ ఉన్నారు. ఈ మూత్రం మీద వెస్పేసియన్ చక్రవర్తి పన్ను వేస్తే కొడుకు టైటస్ అసహ్యించుకున్నాడు, తండ్రి ఒక నాణెం వాడి ముక్కు దగ్గర పెట్టి వాసనొస్తోందా అని అడిగాడట.

## ఆఖరి రోజులు

ప్యాంటు అంటే రోమన్లకి అంత కోపం ఎందుకు?

గాల్, జర్మన్, పర్షియన్ జనం వేసుకునేది కాబట్టి ఆటవికుల బట్ట అని ముద్ర. సీజర్ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) వాళ్ళని సెనేట్‌లోకి తీసుకున్నప్పుడు, ప్యాంట్లు విప్పి వెడల్పు చార తొడుక్కున్నారు అని జనం పాట కట్టారు. కానీ ఉత్తరాన చలిలో సైనికులు మోకాళ్ళ దాకా వచ్చే ప్యాంట్లు అలవాటు చేసుకున్నారు, 4వ శతాబ్దం చివర రోమ్ నగరంలో ప్యాంటు వేస్తే ఆస్తి జప్తు, బహిష్కారం అని చట్టం చేసేదాకా వచ్చింది. అప్పటికి ప్యాంటు గెలిచేసింది. 382 నాటి చట్టంలో సెనేటర్లు కూడా సభకీ విచారణకీ మాత్రమే టోగాలో రావాలి, మిగతా టైమ్‌లో మామూలు బట్టలు సరే అని ఉంది.

చనిపోయాక ఏం కట్టేవాళ్ళు?

చావు ఇంట్లోవాళ్ళు ముదురు రంగు టోగా, పోయిన పౌరుడికి మంచి టోగా. ఇటలీలో చాలా ఊళ్ళల్లో మగవాడు టోగా కట్టేది చచ్చాకే అని జువెనల్ అనే కవి అన్నాడు.

కానీ నాకు బాగా గుర్తుండేది సమాధులు. బానిసగా పుట్టి విడుదలైనవాళ్ళు రోమ్ బయట రోడ్ల పక్కన కట్టించుకున్న సమాధుల మీద తమ బొమ్మల్ని తప్పకుండా టోగాలో చెక్కించుకున్నారు, ప్రతి మడతా కనిపించేలా. పోర్టా మజ్జోరే దగ్గర యూరిసేసెస్ అనే రొట్టెల కాంట్రాక్టర్ సమాధి ఇప్పటికీ ఉంది, క్రీ.పూ. 1వ శతాబ్దం చివరిది, ఆయన కూడా విడుదలైన బానిసే అయ్యుంటాడని చాలామంది అంటారు. దాని మీద ఆయనా భార్యా నిలువెత్తు బొమ్మల్లో ఉండేవాళ్ళు, ఆయన టోగాలో. సమాధి పైభాగం చుట్టూ పిండి కలిపేవాళ్ళు, గింజలు పిండి పట్టేవాళ్ళు, పొయ్యిలో పెట్టేవాళ్ళు, తూకం వేసేవాళ్ళు వరసగా కనిపిస్తారు, పని చేస్తున్నవాళ్ళంతా పొట్టి ట్యూనిక్‌లలో, దగ్గరుండి చూస్తున్నవాళ్ళు టోగాలో.